మచ్చ పడని టీకా

నాకు ఓపిక తక్కువ. తొర్రూరులో నేను లెక్కలు చెప్పే బడిలో ఏ పిల్లను అడిగినా ఈ మాట చెబుతుంది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేను. బస్సు ఆలస్యమైతే దానికి ఎదురు నడుస్తాను. అలాంటి నాకు పెళ్ళైన ఆరేళ్ళకు, ఒకసారి నిలవక పోయిన తర్వాత, కడుపులో బిడ్డ నిలిచింది. ఇక బస్సుకు ఎదురు నడవడం మానేశాను. నాకు తెలిసి నేను చేసిన పెద్ద త్యాగం అదే.

అయిదో నెల నడుస్తున్న ఆ చలికాలంలో మా వదిన ఫోను మీద ఫోను చేసింది. వదిన అంటే మా ఆయన అక్క. ఉండేది కేసముద్రంలో. వాళ్ళాయనది మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం. "కడుపుతోటి ఉన్నదానికి నా చేతి సర్వపిండి పెట్టకుంటే నాకు మనసున పడ్తదా? రా పిల్లా!" అని ఒకటే పోరు. ఒక ఆదివారం మా ఆయన ఎరువుల దుకాణం మూసి నన్ను కారులో తీసుకెళ్ళాడు.

వదిన కూతురు ఒకటో తరగతి చదువుతోంది. నేనంటే ప్రాణం దానికి. ఆ రోజు దాని ముక్కు కారుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఒళ్ళు వెచ్చగా తగులుతోంది. "సర్ది వట్టింది, ఊకె చల్లగాలికి తిరుగుతది" అంది వదిన. ఆ పిల్ల నా ఒడిలోనే కూర్చుని నా పళ్ళెంలోదే తిన్నది, నా కొంగుతోనే ముక్కు తుడుచుకున్నది. నా పొట్ట మీద చెవి పెట్టి, "అత్తా, లోపల ఏమంటున్నది?" అని అడిగి, నా ముఖం మీదే దగ్గింది. నేను నవ్వి దాని వీపు రాశాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలి.

ఆ వారం మధ్యలో బడిలో ఉండగా వదిన ఫోను వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"పిల్లా, మా ఇంటికి తల్లి వచ్చింది."

ఒంటి మీద పొక్కులు లేస్తే మా వైపు దాన్ని జబ్బు అనరు. తల్లి వచ్చింది అంటారు. గడపకు వేపకొమ్మ కడతారు, ఇంట్లో తాలింపు వేయరు, పిల్లను వేపాకు మీద పడుకోబెట్టి అమ్మా అని పిలుస్తారు. తల్లి ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది అని ఆరా తీయడం తప్పు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ అడిగాను.

"నీళ్ళ పొక్కులా వదినా, ఎర్రగ సన్నగనా?"

"గట్ల అడుగుతరా తల్లిని? లెంపలేసుకో!"

స్టాఫ్ రూములో అందరూ చూస్తుండగా లెంపలేసుకున్నాను. కానీ నాకు సంగతి తెలియాలి. నీళ్ళ పొక్కులైతే అది ఆటలమ్మ. నాకు ఆరో తరగతిలోనే పోసింది కాబట్టి భయం లేదు. ఎర్రగా సన్నగా అయితే తట్టు. తట్టు నాకు ఎప్పుడూ రాలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకు అది సోకితే బిడ్డ నిలవకపోవచ్చని, నెలలు నిండకముందే పుట్టొచ్చని నేను ఎప్పుడో చదివాను. అది చదివిన రోజు ఎందుకు చదివానా అనిపించింది. ఇప్పుడు ఆ ముక్కలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

"జర ఫోటో తీసి పంపు వదినా."

"తల్లికి ఫోటో తీస్తరా ఎవరన్న? నీకేమన్న పిచ్చి లేసిందా?"

నాకు కోపం వచ్చింది. కోపం కూడా కాదు, భయానికి నోరు పెద్దదైంది. "వదినా, మొన్న ఆ పిల్లను ఒడిల కూసోవెట్టుకున్న. నా కడుపుల ఉన్నదానికేమన్న అయితే తల్లి వచ్చి జవాబు చెప్తదా?" అని అరిచాను. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. కానీ చాలా చిన్న గొంతుతో, తల్లికి కోపం రాకుండా ఎలా చెప్పాలో అలా చెప్పింది.

"ముత్యాలైతే కావు పిల్లా, నీళ్ళు లేవు. చెవుల ఎనక షురువైంది. మొఖం మీదికి వచ్చింది, ఛాతి మీదికి దిగింది. ఎర్ర రైక తొడిగినట్టున్నది. కండ్లు తెరుస్తలేదు." ఆ తర్వాత ఏడ్చింది. "నాకేం ఎరుక పిల్లా, సర్ది అనుకున్న..."

వదినను ఏమనగలను? ఒంటి మీద ఎరుపు లేచాక గడపకు వేపకొమ్మ కడతాం. అది చూసి బయటివాళ్ళు లోపలికి రారు. మంచి పద్ధతే. కానీ తట్టు ఎరుపు లేవకముందే, ఉత్త దగ్గూ జలుబుగా ఉన్నప్పుడే అంటుకోవడం మొదలుపెడుతుంది. వేపకొమ్మ కట్టే వేళకు నేను సర్వపిండి తిని, చేయి కడుక్కుని, తొర్రూరు చేరుకుని మూడు క్లాసుల పేపర్లు దిద్దేశాను. పిల్లకు పసితనంలో తట్టు టీకా ఒకటి వేయించారట. రెండోది వేయించాల్సినప్పుడు ఇల్లు మారే హడావుడిలో మరిచారట. "దవాఖానకు తీస్కపో వదినా, నీ వేపకొమ్మ నువ్వు కట్టుకో, కాని తీస్కపో" అని బతిమాలాను. ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు. పిల్ల కోలుకుంది. ఇక మిగిలింది నా సంగతి.

బడి వదలగానే నన్ను చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మా ఆయన దుకాణంలో నుంచి అలాగే లేచి వచ్చాడు. జరిగింది చెప్పాను. "చిన్నప్పుడు తట్టు టీకా వేయించారా?" అని ఆవిడ అడిగింది. నేను ధీమాగా ఎడమ జబ్బ మీదికి రైక జరిపి చూపించాను. అక్కడ గుండ్రటి గుంట మచ్చ ఉంది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ ఉంటుంది. మా అమ్మ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మచ్చ మీద వేలు పెట్టి, "నీకు టీకాలన్నీ అయినయి, ఇగో" అనేది.

డాక్టరమ్మ మచ్చను చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది పుట్టగానే వేసేదమ్మా, క్షయ రాకుండా. తట్టు టీకాకు మచ్చ పడదు."

లెక్కల టీచరును, బీఈడీ చేసినదాన్ని. ముప్పై ఏళ్ళు ఈ మచ్చను చూసుకుని నిశ్చింతగా ఉన్నాను.

"అదీ వేసే ఉంటారు మేడం. వేస్తే ఎన్నేళ్ళు ఉంటుంది? ఇన్నేళ్ళైంది కదా, ఇంకా పనిచేస్తుందా?"

"రెండు డోసులు పడితే మామూలుగా జన్మంతా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రక్తంలో కొంచెం తగ్గినట్టు కనబడినా, ఆ జబ్బు ఎదురైతే ఒళ్ళు దాన్ని గుర్తుపడుతుంది. మీ చిన్నతనంలో ఇక్కడ ఒక్కటే వేసేవాళ్ళు. ఒక్కటి చాలామందికి సరిపోతుంది, కొందరి ఒంటికి పట్టదు. అందుకని ఎన్నేళ్ళు ఉంటుందన్నది తర్వాతి మాట. అసలు వేశారా, వేస్తే పట్టిందా అన్నది ముందు తేలాలి."

"తేలకపోతే ఇప్పుడు వేసేయండి."

"కడుపుతో ఉన్నప్పుడు వేయకూడదు. అందులో ఉండేది నీరసపడ్డ క్రిమే అయినా బతికున్న క్రిమి."

రక్తం తీశారు. నా ఒంట్లో తట్టును ఎదిరించే శక్తి ఉందో లేదో అందులో తెలుస్తుందట. లేకపోతే ఇంకో రకం మందు ఉందట. వేరేవాళ్ళ రక్తంలోని ఆ శక్తిని తీసి మన ఒంట్లోకి ఎక్కించేది. కానీ జబ్బు మనిషి దగ్గరికి వెళ్ళిన కొద్దిరోజుల్లోనే ఎక్కించాలి, దాటితే లాభం లేదు. ఆ కొద్దిరోజుల్లో సగం అప్పటికే వెళ్ళిపోయాయి. రక్తం వరంగల్ పోయి రావాలి, రేపు మధ్యాహ్నానికి చెబుతామన్నారు.

రేపు మధ్యాహ్నం దాకా ఏం చేయాలి? ఇంటికి వచ్చి గదుల్లో తిరిగాను. ఊడ్చిన ఇల్లే ఊడ్చాను. పొట్ట మీద చేయి వేసుకుని లోపలి కదలిక కోసం వెతికాను, కదిలితే ఎందుకు కదిలిందని, కదలకపోతే ఎందుకు కదలలేదని. మా ఆయన "కూసో జర" అన్నాడు. కూర్చున్నాను. "గంత సేపు కాలు ఊపకు" అన్నాడు. లేచాను. తెల్లారగానే మా ఊరికి పోదామన్నాను. మా అమ్మగారి ఊరు నర్సింహులపేట దగ్గర.

"అత్తమ్మకు ఫోన్ చేస్తే అయిపోతది గద?"

"ఫోనుల మా అమ్మ అన్నిటికీ ఊ అంటది. మొఖం చూసి అడగాలె."

మేం వెళ్ళేసరికి మా అమ్మ చేనులో పత్తి ఏరుతోంది. నడుముకు కట్టిన ఒడి నిండా పత్తి, పక్కన వరుసలో నలుగురు ఆడవాళ్ళు. నన్ను చూసి మురిసి, వెంటనే నా ముఖం చూసి, "ఏమైంది బిడ్డా?" అని సాలు దాటి వచ్చింది. చేను ఒడ్డు మీద నిలబడే అంతా చెప్పాను. నేను అనుకున్నట్టే ఆమె చేయి నేరుగా నా ఎడమ జబ్బ మీదికి పోయింది.

"మచ్చ ఉన్నది గద. గిదేంది మరి? నువ్వు పరేషాన్ గాకు."

"అమ్మా, అది క్షయకు ఏసిందట. తట్టుది వేరేనట. దానికి మచ్చే పడదట. తొమ్మిదో నెలల ఏస్తరు. ఏపిచ్చినవా లేదా?"

మా అమ్మ చేయి జబ్బ మీదే ఉండిపోయింది. "మచ్చ పడదా?" అంది. నన్ను కాదు, ఆ మచ్చనే అడిగినట్టు అడిగింది. తర్వాత ఒడ్డు మీద కూలబడింది. ఒడిలో పత్తి కొంత నేల మీద పడినా తీయలేదు.

"నువ్వు పుట్టినప్పుడు మానుకోట దవాఖానల ఏసిన్రు. పుండై, చీము కారి, మానింది. మచ్చ వడ్డది. మచ్చ వడితే టీకా అందినట్టేనని ఊరంత అనేది. ఎన్కశిరి కొన్ని నెలలకు నర్సమ్మ బడి కాడికొచ్చింది. నువ్వప్పుడు పాకుతున్నవ్. చంకనేసుకోని నేనే తీస్కపోయిన. ఆమె సూది తీసింది. నేను నీ జబ్బ చూపెట్టి, మా పిల్లకు అయింది, ఇగో మచ్చ అన్న. ఇది వేరేదమ్మా, జరంత జ్వరమొస్తది, మంచిది, అన్నది. మచ్చ వడ్డదానికి మల్ల సూదెందుకు, జ్వరమెందుకు అనుకున్న. ఆమె వేరే పిల్లకు ఏస్తుంటె నిన్ను చంకనేసుకోని ఎనక నుంచి వచ్చిన." కింద పడ్డ పత్తిని చూస్తూ, "హుషారు పని చేసిన అనుకున్న బిడ్డా. అందరికీ చెప్పుకున్న" అంది.

నాకు ఒళ్ళు మండింది. మండకపోతే నేను నేను కాదు. "ముప్పై ఏండ్ల సంది ఇగో మచ్చ, ఇగో మచ్చ అంటివి! ఉత్త చేతులతోని తిప్పినవ్ నన్ను!" అని చేను అదిరేలా అరిచాను. పత్తి ఏరేవాళ్ళు నడుములెత్తి చూశారు. "కడుపుతోటున్నదానివి, గంత కోపం మంచిది కాదు బిడ్డా" అని అందులో ఒకామె అంది. నోరున్న మనిషి మా అమ్మ. ఒకటంటే రెండంటుంది. ఆ రోజు తిరిగి ఒక్క మాట కూడా అనకపోయేసరికి నాకు అరవడానికి ఏమీ మిగలలేదు. పక్కనే కూర్చున్నాను. అప్పుడే ఫోను మోగింది. డాక్టరమ్మ.

నా రక్తంలో తట్టును ఎదిరించే శక్తి ఏమీ లేదట. వెంటనే వరంగల్ వెళ్ళాలట, అక్కడి ఆసుపత్రికి ఆవిడ చెప్పి పెట్టిందట.

కారు తలుపు తీసేసరికి మా అమ్మ నాకంటే ముందు ఎక్కి కూర్చుంది. కాళ్ళకు మట్టి, నడుముకు పత్తి ఒడి అలాగే. "అత్తమ్మా, ఒడి ఇప్పి పెట్టరాదుండ్రి" అని మా ఆయన అంటే తలుపు దగ్గరికి లాక్కుంది. దారి పొడుగునా ఆ పత్తిలోంచి ఆకు ముక్కలు ఏరి కిటికీలోంచి పారేస్తూ కూర్చుంది. లారీ అడ్డమొస్తే మా ఆయన ఆగాడు, ట్రాక్టరు అడ్డమొస్తే ఆగాడు. ఆగిన ప్రతిసారీ నేను లేని బ్రేకు తొక్కాను, లేని హారన్ కొట్టాను. "నువ్వు నడుపుతవా?" అన్నాడు. "ఇయ్యి" అన్నాను. ఇవ్వలేదు, మంచిదే.

వరంగల్లో నన్ను మంచం మీద పడుకోబెట్టి సీసా తగిలించారు. చుక్క చుక్కగా దిగే ఆ మందును చూడటం నాలాంటిదానికి శిక్ష. ఇంకొంచెం జోరుగా వదలమని అడిగి నర్సుతో చీవాట్లు తిన్నాను. మా అమ్మ మంచం పక్కన నిలబడి సీసా వైపే చూస్తోంది. డాక్టరు వచ్చినప్పుడు, "సారూ, గిది ఎన్నేండ్లు ఉంటది?" అని అడిగింది.

"ఏళ్ళు కాదమ్మా, కొన్ని నెలలు. ఇది వేరేవాళ్ళ బలం. వానలో ఒకరి గొడుగు కింద నడిచినట్టు. టీకా అయితే తన సొంతం, జన్మంతా ఉండేది."

"గంతేనా?" అంది మా అమ్మ. ఆ తర్వాత నర్సులు చూస్తున్నా సరే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మందు ఎక్కించినా తట్టు బయటపడదని గ్యారంటీ లేదు, కొన్ని వారాలు చూసుకోవాలన్నారు. బడికి సెలవు పెట్టాను. మా అమ్మ పత్తి పనిని మా నాన్న మీద వదిలేసి తొర్రూరు వచ్చి కూర్చుంది. రోజూ పొద్దున్నే అద్దం ముందు నన్ను నిలబెట్టి చెవుల వెనక చూసేది. ఒకరోజు మెడ మీద ఎర్రగా కనబడిందని కెవ్వుమంది. అది దోమకాటు. "తొర్రూరు దోమలకు ఇంత బుద్ధి లేదా, ఇప్పుడే కుట్టాలెనా?" అని దోమను తిట్టి, నవ్వి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మేమిద్దరం ఆ ఇంట్లో కూరలో ఉప్పు మీద, కిటికీ తెరవడం మీద, అన్నిటి మీదా పోట్లాడుకున్నాం. మచ్చ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

వారాలు గడిచాయి. ఏమీ రాలేదు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. అరుపులు విని, "నీ బిడ్డనే, అనుమానం లేదు" అన్నాడు మా ఆయన.

ఇక నా కంగారు తీరాలి కదా, తీరలేదు. తల్లి ఒంట్లో తట్టును ఆపే శక్తి ఉంటే పుట్టిన బిడ్డకు కొన్ని నెలలు అందులో కొంత అండగా వస్తుందట. తొమ్మిదో నెలలో టీకా వేసేదాకా ఆ అండే బిడ్డను కాపాడుతుందట. నా దగ్గర సొంతంగా ఉంటేగా ఇవ్వడానికి? పాలిచ్చాను, ఒడి ఇచ్చాను, నిద్ర ఇచ్చాను. అది మాత్రం ఇవ్వలేకపోయాను. ఇంటికి చుట్టం వచ్చి తుమ్మితే బిడ్డను ఎత్తుకుని లోపలి గదికి పరుగెత్తేదాన్ని. బారసాలకు పిలిచిన వాళ్ళను గడపలోనే ఆపి జలుబుందా అని అడిగాను. "బంగారం చూపియ్యమని తనిఖీ చేసినట్టు చేస్తున్నవ్ గద పిల్లా" అంది వదిన. ఆమెకు కోపం రాలేదు, తన కూతురిని ఇంటి దగ్గరే వదిలి వచ్చింది.

నేనూ టీకా వేయించుకోవాలి. కానీ ఎక్కించిన మందు ప్రభావం పోయేదాకా చాలా నెలలు ఆగమన్నారు. ఆ గడువు అయ్యాక నాకు జ్వరం, ఆ తర్వాత బిడ్డకు విరేచనాలు. చివరికి ఇద్దరి వంతూ ఒక్క రోజే వచ్చింది. ఆ రోజు ఆసుపత్రిలో చంటిపిల్లల వరుసలో నేను కూడా కూర్చున్నాను. ఎదురుగా ఉన్నామె "పాప ఏది?" అని అడిగితే, "ఇద్దరం పాపలమే" అన్నాను. బిడ్డను ఎత్తుకున్నది మా అమ్మ. నేను ఎత్తుకుంటానంటే ఇవ్వలేదు. నర్సు సూది తీసినప్పుడు మా అమ్మ చేతులు బిగుసుకున్నాయి, కానీ తనే బిడ్డ కుడి జబ్బను ముందుకు పెట్టింది. బిడ్డ ఆసుపత్రి లేచిపోయేలా ఏడ్చింది. తర్వాత నాకూ వేశారు.

మూడో రోజు పొద్దున మా అమ్మ బిడ్డ కుడి జబ్బ చూసింది, నాది చూసింది, మళ్ళీ బిడ్డది చూసింది.

"ఏం పడలే."

"పడదమ్మా."

"ఉన్నదని ఎట్ల నమ్మాలె మరి?"

"రెండోది ఏపిస్తే నమ్మొచ్చు" అన్నాను. "నాకు నెల దాటినంక. దానికి నడక వచ్చి పరుగులు పెట్టేటప్పుడు."

"ఏపిస్తే ఎన్నేండ్లు ఉంటది?"

"నువ్వు పోయినంక ఉంటది. నేను పోయినంక గూడ దానికి ఉంటది."

మా అమ్మ చీర కొంగు చివర తీసుకుని గట్టిగా ముడి వేసింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు మరిచిపోకూడని పనికి అలా ముడి వేసుకుంటారు, పని అయ్యాక విప్పుతారు. ఉప్పు తేవడానికో, ఎవరికైనా కబురు చెప్పడానికో వేసే ముడి. పొద్దున వేస్తే సాయంత్రానికి విప్పేది.

నా రెండోది అయింది. బిడ్డది ఇంకా కాలేదు. మొన్న ఊరికి వెళితే దండెం మీద మా అమ్మ చీర ఆరుతోంది. కొంగున ముడి అలాగే ఉంది, తడి దాని లోపలే నిలిచిపోయింది. ఆమె కట్టుకున్న చీర చూశాను, దానికీ ఉంది. పెట్టె తీసి చూపించింది. అన్ని చీరలకూ ఉంది.

"ఇన్నెందుకమ్మా? ఒకటి చాలదా?"

"ఏ చీర కట్టుకున్న నాడు మర్శిపోతనో ఎట్ల తెలుస్తది?" అంది. నా బిడ్డ అప్పుడే నడక నేర్చి, పడుతూ లేస్తూ వచ్చి ఆ కొంగు ముడినే పట్టుకుని నిలబడింది. నాకు ఓపిక తక్కువని చెప్పాను కదా. ఆ రోజు మాత్రం, అది పట్టు వదిలేదాకా, నేనూ మా అమ్మా కదలకుండా నిలబడ్డాం.